ప్రశ్న అడిగితే జీతమిస్తారా?

మా నాన్న సినిమా సెట్లకి మోల్డింగ్ పని చేస్తారు. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి ముందు ఎప్పుడు చూసినా ఏ దేవుడి చెయ్యో, ఏ సింహం తలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఆరుతూ ఉంటుంది. రెండేళ్ళ క్రితం ఒక పాట కోసం గ్రీకు గుడి సెట్ వేశారు. స్తంభాలన్నీ నాన్న చేతి మీదే వచ్చాయి. ఒకరోజు రాత్రి అన్నం తింటూ నన్నడిగారు:

"అమ్మలూ, బలిపీఠం గుడి లోపల పెట్టమన్నారు. దాని మీద మంట కూడా వెయ్యాలంట. ఆ గుడికి కిటికీల్లేవు, ఉన్నదొకటే గుమ్మం. మరి నిజం గుళ్ళో పొగ ఎటు పోయేదే?"

అరగంట వెతికి జవాబు పట్టాను. గ్రీకుల బలిపీఠం మామూలుగా గుడి బయటే ఉండేది, ఎక్కువగా తూర్పు వాకిలికి ఎదురుగా. మంట, బలి, జనం అంతా ఆరుబయటే. లోపలి గది దేవుడి విగ్రహం కోసం. నాన్న మర్నాడు వెళ్ళి సెట్‌లో చెప్తే, "బయట పెడితే ఫ్రేమ్‌లో రాదు" అన్నారట. పీఠం లోపలే ఉండిపోయింది. పాట కూడా వచ్చేసింది.

నాన్న ఆ సంగతి మర్చిపోయారు, నేను మర్చిపోలేదు. గ్రీకు అక్షరం ముక్క రాని మనిషి, పొగ ఎటు పోతుందని ఒక్కమాట అడిగి డ్రాయింగ్‌లో తప్పు పట్టేశారు!

ఇప్పుడు నేను ఫైనల్ ఇయర్. క్యాంపస్‌లో ప్లేస్‌మెంట్ల గోల. ఇంట్లో నెమ్మదిగా "రీసెర్చ్ చేద్దామనుకుంటున్నాను" అన్నాను. నాన్న చేతులు కడుక్కుంటూ, "అంటే ఏంటి, ప్రశ్నలడుగుతా కూర్చోవడమేగా? దానికెవరన్నా జీతమిస్తారా?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆయనకి చెప్పాలనుకున్న జవాబే ఇది. మీ ఇంట్లోనూ ఇదే ప్రశ్న వచ్చుంటే, మీకు కూడా.

ముందు, ఏది రీసెర్చ్ కాదు?

మన మినీ ప్రాజెక్టులు గుర్తు చేసుకోండి. టైటిల్ సీనియర్ల దగ్గర్నుంచి, కోడ్ ఎక్కడి నుంచో, రిజల్టు ముందే తెలుసు. రిజల్టు రాకపోతే మన వైరింగ్ తప్పనే గాని సూత్రం తప్పని అనుకోం. అందులో నేర్చుకోడం ఉంటుంది, కాదనను. కానీ అది రీసెర్చ్ కాదు.

రీసెర్చ్‌కి రెండు గుర్తులు చెప్పుకోవచ్చు. ఒకటి, జవాబు ప్రపంచంలో ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండకూడదు. రెండోది ఇంకా ముఖ్యం. "ఫలానా ఆధారం దొరికితే నేను చెప్పింది తప్పు" అని ముందే ఒప్పుకోగలగాలి. తప్పయ్యే వీల్లేని మాట ఎంత గొప్పగా ఉన్నా అది అభిప్రాయమే.

సైన్స్ అయినా, విద్యాశాస్త్రం అయినా, గ్రీకు దేవుళ్ళయినా ఈ రెండో గుర్తు మారదు. మారేది ఆధారం రకం. మూడింటికీ ఒక్కో ఉదాహరణ చూద్దాం. మొదటి రెండూ మా ఇంటి చుట్టుపక్కలవే.

బంజారాహిల్స్: ల్యాబ్ నిజంగా కావాలా?

ఎల్.వి. ప్రసాద్ గారి పేరు సినిమావాళ్ళందరికీ తెలుసు. 1931లో వచ్చిన ఆలం ఆరా, కాళిదాస్, 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద, ఇలా హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింట్లోనూ నటించిన మనిషి. ఆయన కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి కట్టారు. 1987 నుంచి నడుస్తున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అదే. వైద్యం ఒక్కటే కాదు, అక్కడ పరిశోధన కూడా జరుగుతుంది.

కంట్లో సున్నమో యాసిడో పడితే కార్నియా అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి. కార్నియా పైపొరని ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించేది ఆ కణాలే. అవి పోతే కన్ను మసకబారిపోతుంది. 1990ల చివర్లో ఇటలీ శాస్త్రవేత్తలు ఒక దారి చూపించారు. బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించడం. బాగానే పనిచేసింది. కానీ కణాలు పెంచే ల్యాబ్ అంటే ఖర్చు, అనుమతులు, నిపుణులు. జిల్లా ఆసుపత్రికి అందే వైద్యం కాదది.

ఎల్.వి. ప్రసాద్ సంస్థలో వీరేందర్ సంగ్వాన్ బృందం వేసిన ప్రశ్న చాలా చిన్నది. కణాలు పెరగడానికి ల్యాబే కావాలా, కంటి మీదే పెరగవా? బాగున్న కంటి నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని 8 నుంచి 10 తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొర మీద సర్దారు. 2012లో మొదటి ఫలితాలు ప్రచురించారు. రోగులు ఆరుగురే. ఆరుగురి కళ్ళ మీదా ఆరు వారాల్లోపు కొత్త పొర వచ్చింది.

ఇక్కడితో ఆపితే వాట్సప్ ఫార్వర్డ్‌కి సరిపోతుంది: వంద శాతం విజయం! కానీ వాళ్ళు అక్కడ ఆగలేదు. 2016లో 125 మంది ఫలితాలు బయటపెట్టారు. విజయం 76 శాతం. అంకె తగ్గింది. అయినా నమ్మదగ్గది ఈ రెండో అంకే. ఆరుగురిలో ఆరుగురికి నయమైతే అదృష్టం కూడా కావచ్చు. 125 మందిలో 95 మందికి నయమైందంటే, మిగిలిన 30 మందికి ఎందుకు కాలేదన్నది మళ్ళీ కొత్త ప్రశ్న. పద్ధతి ఎక్కడ పనిచెయ్యలేదో కూడా రాసుకుంటేనే తర్వాతివాళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టగలుగుతారు.

జూబ్లీహిల్స్: రానివాళ్ళని ఎలా లెక్కపెట్టాలి?

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వైపు వెళ్ళేటప్పుడు దగ్గర్లోనే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంటుంది. పెద్ద పెద్ద బంగళాల మధ్య యూనివర్సిటీ ఏంటా అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. అది భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమని తర్వాత తెలిసింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి గారే 1985లో ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇంటర్ చదవనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నది అప్పట్లో ఎంత పెద్ద మాటో ఊహించుకోండి.

విద్యాశాస్త్రంలో పరిశోధన అంటే ఇలాంటి చోట పుట్టే ప్రశ్నలే. ఉదాహరణకి: దూరవిద్యలో చేరినవాళ్ళు మధ్యలో ఎందుకు మానేస్తారు?

సులువుగా కనిపిస్తుంది కదా! ఫామ్ ఒకటి తయారుచేసి, స్టడీ సెంటర్‌కి ఆదివారం క్లాసుకి వచ్చినవాళ్ళతో నింపించి, గ్రాఫులు గీసెయ్యొచ్చు. కానీ ఆ క్లాసుకి వచ్చినవాళ్ళెవరు? మానెయ్యనివాళ్ళు! మీ ప్రశ్న ఎవరి గురించో వాళ్ళే ఆ గదిలో ఉండరు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కథ మనందరం ప్రాబబిలిటీ క్లాసులో విన్నదే. తిరిగొచ్చిన విమానాలకి ఎక్కడ తూటాలు తగిలాయో చూసి అక్కడ కవచం వెయ్యబోతే, అబ్రహాం వాల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త, తగిలిన గుర్తుల్లేని చోటే వెయ్యాలన్నాడు. అక్కడ తగిలినవి తిరిగి రాలేదు కాబట్టి.

మా పిన్ని కాస్ట్యూమ్స్‌లో పనిచేస్తుంది. ఒక దూరవిద్య కోర్సులో చేరి రెండో ఏడు మానేసింది. టైమ్ లేక మానేసిందని మా ఇంట్లో అందరి నమ్మకం. ఈ వ్యాసం కోసం మొదటిసారి కూర్చోబెట్టి అడిగాను. ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజున ఔట్‌డోర్ షూటింగ్‌లో ఉందట. ఒక ఏడాది పోయింది. మరుసటి ఏడు టైమ్ ఉంది, డబ్బులూ ఉన్నాయి. "తోటివాళ్ళందరూ ముందుకెళ్ళిపోయారు గదే, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అంది. ఆ మాటకి ఏ ఫామ్‌లోనూ టిక్కు పెట్టే గడి ఉండదు.

ఒక్క పిన్ని మాటతో సిద్ధాంతం కట్టకూడదు, అది కూడా తప్పే. కానీ మానేసినవాళ్ళ జాబితా పట్టుకుని, ఇళ్ళకి వెళ్ళి, ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో వెతికితే అది మంచి థీసిస్ అవుతుంది. జవాబు తేలితే దానివల్ల మారేది కూడా ఉంది. కారణం టైమ్ అయితే క్లాసు వేళలు మార్చాలి. కారణం సిగ్గయితే ఒక ఫోన్ కాల్ చాలు.

ఏథెన్స్: తేనె కుండలు, అట్టపెట్టెలు

ఇక నాన్న పొగ దగ్గరికొద్దాం. గ్రీకు మతంలో ఎవరి చేతిలోనూ ఒకే పవిత్ర గ్రంథం లేదు. అడగడానికి పూజారి లేడు, ఆ పూజలు ఆగిపోయి దాదాపు 1,500 ఏళ్ళు దాటింది. మిగిలినవి రాతి శాసనాలు, కుండల మీది బొమ్మలు, నాటకాలు, బూడిద, ఎముకలు. వీటితో ఏం రుజువు చేస్తారు?

డయొనైసస్ సంగతి చూడండి. ద్రాక్షసారాకి, పూనకానికి, నాటకానికి దేవుడు. ఏథెన్స్‌లో నాటకాల పోటీలు జరిగింది ఆయన పండగలోనే. ముహూర్తం షాట్‌కి కొబ్బరికాయ కొట్టే మా ఫిల్మ్‌నగర్‌కి ఆయన బాగా నచ్చుతాడు! ఈ దేవుడు గ్రీకులకి ఆలస్యంగా, బయటి దేశం నుంచి వచ్చాడని చాలామంది పండితులు చాలాకాలం నమ్మారు. కారణం ఉంది. యూరిపిడీస్ నాటకంలో ఆయన తూర్పు నుంచి కొత్తగా వచ్చిన దేవుడిలానే కనిపిస్తాడు.

మరోపక్క, క్రీట్ దీవిలో 1900 నుంచి తవ్వకాల్లో మట్టి పలకలు దొరుకుతూ వచ్చాయి. వాటి మీది లిపికి లీనియర్ బి అని పేరు పెట్టారు. చదవడం ఎవరివల్లా కాలేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పే ఆలిస్ కోబర్ దాని వెంట పడ్డారు. ఆవిడ పీహెచ్‌డీ గ్రీకు కవుల్లో రంగుల పేర్ల మీద, 1932లో. పగలు క్లాసులు, రాత్రి పలకలు. యుద్ధకాలంలో కాగితం కరువు. దొరికిన ప్రతి కాగితం ముక్కనీ కత్తిరించి సుమారు 1,80,000 చీటీలు తయారుచేశారు. వాటిని సిగరెట్ కార్టన్లలో సర్దుకున్నారు. కంప్యూటర్ లేని డేటాబేస్ అది.

ఆవిడ పట్టిన కిటుకు తెలుగువాళ్ళకి తొందరగా అర్థమవుతుంది. తెలుగు అసలు రానివాడు మన పుస్తకంలో "కాలు, కాలి", "ఊరు, ఊరి", "వేలు, వేలి" జంటలు మళ్ళీమళ్ళీ చూశాడనుకోండి. మాట మొదలు ఒకటే, చివర మాత్రం మారుతోంది. అంటే ఈ భాషలో విభక్తి ఉంది. చివరి రెండు అక్షరాల్లో హల్లు ఒకటే, అచ్చు వేరు అయ్యుండాలి. మన లిపిలో "లు", "లి" చూడ్డానికే దగ్గరగా ఉంటాయి. లీనియర్ బిలో ఆ పోలిక కూడా ఉండదు. ఒక్క అక్షరం శబ్దం కూడా తెలియకుండా, ఏ గుర్తుకీ ఏ గుర్తుకీ చుట్టరికమో ఆవిడ లెక్కగట్టారు. ఇది ఏ భాష అయ్యుంటుందో ఊహించడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆధారం లేదు కాబట్టి.

ఆలిస్ కోబర్ 1950లో, 43 ఏళ్ళకే చనిపోయారు. ఆవిడ వేసిన దారిలోనే 1952లో మైకేల్ వెంట్రిస్ లిపిని ఛేదించాడు. ఆయన వృత్తికి ఆర్కిటెక్ట్! పలకల్లో ఉన్నది గ్రీకు భాషే అని తేలింది. ఆయనకే అది ఆశ్చర్యం, అంతకుముందు వేరే భాష అనుకున్నాడు.

చదవడం మొదలుపెట్టాక పలకల్లో డయొనైసస్ పేరు కనిపించింది. క్రీస్తుకు 1,200 ఏళ్ళకి ముందు నాటి పలకల్లో! ఎవరైనా మనిషి పేరేమో అన్న అనుమానం కొన్నాళ్ళు నడిచింది. తర్వాత క్రీట్‌లోని హన్యాలో దొరికిన ఒక పలకతో అదీ తీరింది. అందులో జ్యూస్ దేవుడికి ఒక కుండ, డయొనైసస్‌కి రెండు కుండల తేనె అని లెక్క రాసుంది. ఎవరో గుమాస్తా రాసుకున్న స్టాక్ లిస్టు అది. ఆలస్యంగా వచ్చాడన్న దేవుడు మొదట్నుంచీ అక్కడే ఉన్నాడని ఆ లిస్టు చెప్పింది. నాటకంలో "కొత్తగా వచ్చాడు" అన్నది కథ చెప్పే పద్ధతే గానీ చరిత్ర కాదన్నమాట.

సైన్స్‌వాళ్ళ పనిముట్లు కూడా ఇక్కడికి చేరాయి. లైకయాన్ కొండ మీది బూడిద పీఠాన్ని తవ్వితే, కాలిన ఎముకల్లో ఎక్కువ గొర్రెలవి, మేకలవి. అవి కూడా తొడ ఎముకలు, మోకాలి చిప్పలు, తోకలు. మాంసం మనుషులకి, తొడ ఎముకలు దేవుళ్ళకి అని గ్రీకు కావ్యాల్లో ఉన్నదానికి బూడిద సాక్ష్యం చెప్పింది. నాన్న అడిగిన పొగ ఈ ఎముకలదే.

పోలిక జవాబు కాదు

ఇక్కడ మనందరం జారిపడే చోటొకటి ఉంది. డెల్ఫీ గుళ్ళో పిథియా అనే ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని భవిష్యత్తు చెప్పేది. సికింద్రాబాద్ మహంకాళి బోనాల మర్నాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి అమ్మ భవిష్యవాణి చెప్తుంది. చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. వెంటనే "గ్రీకులు మన దగ్గర్నుంచే నేర్చుకున్నారు" అని పోస్టు పెడితే లైకులు బాగానే వస్తాయి. కానీ ఆధారమేదీ? రెండు ఊళ్ళలో ఇద్దరు పూనకంలో పలికినంత మాత్రాన ఒకరి దగ్గర్నుంచి ఒకరు నేర్చుకున్నట్టు కాదు.

అదే, జ్యూస్ అన్న పేరూ, వేదంలోని ద్యౌః అన్న పేరూ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రం ఒప్పుకుంటుంది. తేడా ఏంటి? అక్కడ ఒక్క మాట కలవడం కాదు, రెండు భాషల మధ్య వందల మాటల్లో శబ్దాలు ఒకే నియమం ప్రకారం మారుతున్నాయి. నియమం ఉంటే తప్పు పట్టొచ్చు. పోలిక ఒక్కటే ఉంటే ముచ్చటపడటం తప్ప చేసేదేం లేదు.

పిథియాకి పూనకం ఎందుకొచ్చేది అన్నదాని మీద కూడా గొడవ తీరలేదు. గుడి కింద రాతి పగుళ్ళలోంచి ఇథిలీన్ లాంటి వాయువు వచ్చుంటుందని 2001లో భూగర్భ శాస్త్రవేత్త డి బోయర్, పురావస్తు శాస్త్రవేత్త హేల్ బృందం రాశారు. మత్తిచ్చేంత ఇథిలీన్ అక్కడ పుట్టే అవకాశం తక్కువని తర్వాత ఇంకొందరు కొలిచి చెప్పారు. వాదం తెగకపోయినా, రెండు పక్షాలూ కొండ దగ్గరికి వెళ్ళి కొలిచాయి.

మరి మన సంగతి?

ఇప్పుడు నాన్న అడిగిన జీతం మాట. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చెయ్యొచ్చు. మన బీటెక్ నాలుగేళ్ళదే. కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్ళు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్ళు. ఆడవాళ్ళకి ఇంకో రెండేళ్ళు వెసులుబాటు ఉంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చెయ్యొచ్చు గాని, దూరవిద్యలో పీహెచ్‌డీ ఒప్పుకోరు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, సీనియర్ అయ్యాక 42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ అయితే 70,000తో మొదలు.

ఇంజనీరింగ్ చదివాక దేవుళ్ళ గురించి, బడుల గురించి అడగొచ్చా అంటే దారులున్నాయి. గేట్‌లో 2021 నుంచి హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ పేపర్ ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటింగ్‌తో పాటు మానవశాస్త్రాలు కలిపి చదివే కోర్సు ఉంది. ఖర్చు లేని మొదటి మెట్టు ఇంకోటుంది. శోధగంగ తెరిచి మీకిష్టమైన విషయం మీద ఎవరిదైనా ఒక థీసిస్ చదవండి. మొత్తం వద్దు, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చాలు. ఏం అడిగారు, ఏం తేలింది, ఏది తేలలేదని ఒప్పుకున్నారు అని చూడండి. మూడోది ఎక్కడా లేకపోతే ఆ థీసిస్‌ని కొంచెం అనుమానంగానే చదవండి.

డబ్బు ఇబ్బంది లేదని అబద్ధం చెప్పను. ఫెలోషిప్ అందరికీ రాదు. వచ్చినా అయిదేళ్ళు స్నేహితుల జీతాలు వింటూ బతకాలి. మా ఇంటి మీద అప్పుంది. నాకు ఫిబ్రవరిలో గేట్, ఆ లోపే ఒక కంపెనీ ఆఫర్‌కి అవునో కాదో చెప్పాలి. ఇది రాస్తున్న రోజుకి ఇంకా ఏదీ చెప్పలేదు.

మొన్న రాత్రి ఈ వ్యాసం నాన్నకి చదివి వినిపించాను. 37,000 అన్నచోట ఆపి, "నెలకేనా?" అని అడిగారు. నెలకే అన్నాను. తేనె కుండల దగ్గర నవ్వారు. అంతా అయ్యాక కాసేపు ఏం మాట్లాడలేదు. వినలేదేమో అనుకున్నాను. లైటార్పడానికి లేస్తుంటే అడిగారు:

"అమ్మలూ, పీఠం బయటుంటే బాగానే ఉంది. మరి వానాకాలం ఏం చేసేవోళ్ళు?"

నాకు తెలీదు నాన్నా. వెతకాలి.